రసానికి మడి కట్టకండి



చాలా రోజులకు మళ్లీ కలం పట్టాను. ఉత్పలమాల యతిస్థానం గురించో, తిక్కన సంభాషణా శిల్పం గురించో రాస్తానని ఎదురుచూసే నలుగురూ ఈసారికి మన్నించాలి. ఈ టపా ఒక తగవు. తగవులు పెట్టుకోవడం నా స్వభావం కాదు. ముప్పై ఏళ్లకు పైగా పిల్లల తగవులు తీర్చిన వాణ్ణి. కానీ గడచిన నెలలో ముగ్గురు పెద్దమనుషులు నాతో వాదానికి దిగారు. ముగ్గురికీ నోటితో సరిగ్గా సమాధానం చెప్పలేకపోయాను. అందుకని ఇక్కడ చెబుతున్నాను.

ముందు నేను చేసిన నేరం ఏమిటో విన్నవించుకుంటాను.

నా పూర్వ విద్యార్థిని ఒకామె ఇప్పుడు వేరే ఊళ్లో ఉపాధ్యాయిని. సెలవులకు కారేపల్లి వచ్చి, పోతూ పోతూ మా ఇంట్లో ఒక పసుపుపచ్చ అట్ట పుస్తకం వదిలిపెట్టి వెళ్లింది. పేరు ‘యూక్యాట్’. కాథలిక్ మతసిద్ధాంతాన్ని పదహారు, పద్దెనిమిదేళ్ల పిల్లలకు చెప్పడానికి 2011లో వెలువడిన పుస్తకం. మూలం జర్మన్, నా చేతికొచ్చింది ఇంగ్లీషు ప్రతి. నిఘంటువు పక్కన పెట్టుకుని, రోజుకు పది పేజీల చొప్పున, చివరిదాకా చదివాను. ఆనందించాను.

రెండో నేరం మా చిన్నవాడి పుణ్యం. హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు, “నాన్నా, ఒక్క గంట కదలకుండా కూర్చో” అని చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించాడు. అది డీప్ పర్పుల్ అనే ఇంగ్లండు బృందం 1972 ఆగస్టులో జపాన్‌లోని ఒసాకా, టోక్యో నగరాల్లో మూడు రాత్రులు చేసిన కచేరీల నుంచి ఏర్చి కూర్చిన ‘మేడ్ ఇన్ జపాన్’. హార్డ్ రాక్ అంటారట ఆ బాణీని. ఏడే పాటలు, గంటకు పైగా నిడివి. మొదటి పది నిమిషాలూ కారేపల్లి జంక్షన్‌లో బొగ్గు గూడ్సుబండి నా నెత్తి మీదుగా పోతున్నట్లనిపించింది. ఆ తరువాత లేవబుద్ధి కాలేదు. ఇప్పటికి ఆరేడు సార్లు విన్నాను.

ఇదీ సంగతి. ఇక అభియోగాలు.

మొదటి వారు నాతో కలిసి పండిత శిక్షణ పొందిన మిత్రులు. ఖమ్మంలో ఒక సాహిత్య సభ ముగిశాక, నలుగురి ముందూ, “ఏమండీ, మతం పుచ్చుకుంటున్నారటగా?” అన్నారు నవ్వుతూ. నవ్వు పైపైదే. రెండో వారు మా ఊళ్లో నాకెంతో గౌరవం ఉన్న క్రైస్తవ పెద్ద. పుస్తకం చదివినందుకు సంతోషించి, పాటల మాట వినగానే ముఖం మార్చుకున్నారు. “మాస్టారూ, అది సైతాను సంగీతమండీ. ఆ పుస్తకం చదివిన కళ్లతో ఈ పాటలు వినే చెవులా?” అన్నారు. మూడో వాడు మా చిన్నవాడి స్నేహితుడు, రాక్ సంగీతం అంటే ప్రాణం పెట్టేవాడు. నేను ఆ పాటలు విన్నానంటే పొంగిపోయి, బల్ల మీద పుస్తకం చూసి, “అంకుల్, ఇదేంటి? ఇవి చర్చి వాళ్లు పిల్లల బుర్రలు కడగడానికి రాయించేవి కదా” అన్నాడు.

చూశారా? ఒక్కొక్కరు నా ఆనందంలో ఒక వాటా కోసేస్తున్నారు. మూడు కోతలూ అయ్యాక నాకు మిగిలేది ఏమీ లేదు. ఎవరు పట్టిన కుందేటికైనా మూడే కాళ్లు అన్నట్లుంది వ్యవహారం.

మొదట మా పండిత మిత్రుల వారికి.

అయ్యా, తమరూ నేనూ ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నాం. పోతన వీరభద్ర విజయం రాశాడు, భాగవతమూ తెనిగించాడు. తిక్కన తన భారతాన్ని హరిహరనాథుడికి అంకితం ఇచ్చాడు. హరి ఒకవైపు, హరుడు ఒకవైపు కత్తులు దూసుకుంటున్న కాలంలో ఇద్దరినీ ఒకే మూర్తిగా నిలబెట్టిన వాడు ఆయన. దువ్వూరి రామిరెడ్డి ‘పానశాల’ను మనం ఎంత మోజుతో చదువుకున్నాం! ఉమర్ ఖయ్యామును చదివి మన తరగతిలో ఎవరూ ఇస్లాం పుచ్చుకోలేదు. నాకు తెలిసినంతలో తాగుడూ పట్టలేదు. జాషువా ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆ కావ్యంలోని పద్యాలను తమరు సభల్లో రాగయుక్తంగా చదవగా నేను విన్నాను. అంతకు రెండు శతాబ్దాలు ముందే మంగళగిరి ఆనందకవి ‘వేదాంత రసాయనము’లో క్రీస్తు కథను ప్రబంధ పద్యాల్లో చెప్పాడు. పద్యంలో ఉంటే కావ్యం, పసుపు అట్టలో ఉంటే మతప్రచారమా?

మనది భద్రాద్రి నీడ పడే నేల. నేలకొండపల్లి గోపన్నను చెరసాలలో పెట్టించిన తానీషా పేరుతోనే, సీతారామ కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారాన్ని చెప్పుకుంటాం. ఆ ముత్యాలు ఏ మతానివని రాముడు అడిగినట్టు ఏ కీర్తనలోనూ లేదు.

ఇక ఆ పుస్తకంలో నాకు నచ్చిందేమిటో చెబుతాను. అది మొత్తం ప్రశ్నోత్తర రూపం. 527 ప్రశ్నలు, 527 సమాధానాలు. మొదటి ప్రశ్నే మనుష్యజన్మకు ప్రయోజనమేమిటన్నది. ఇది మనకు తెలియని ప్రక్రియా? ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు ఆరు ప్రశ్నలు వేస్తారు. యక్షప్రశ్నలు ఉన్నాయి. శంకరుల పేరిట ప్రశ్నోత్తర రత్నమాలిక ఉంది. అన్నిటికన్నా ముందు నచికేతుడున్నాడు. మీసాలు రాని కుర్రవాడు యముడి గుమ్మం ముందు మూడు రాత్రులు పస్తుండి, చావు గురించి అడిగాడు. పిల్లవాడు అడగవచ్చు, అడిగితే పెద్దవాడు విసుక్కోకుండా చెప్పాలి అన్న మర్యాద మీద ఆ ఉపనిషత్తు నిలబడింది. ఈ పుస్తకమూ ఆ మర్యాద మీదే నిలబడింది. దాని తయారీలో యువతీయువకులు తమ ప్రశ్నలతో పాలుపంచుకున్నారట. మంచివాళ్లకు కష్టాలెందుకు, విజ్ఞానశాస్త్రం ఉండగా సృష్టికర్త ఎందుకు, ప్రార్థిస్తే బదులు రాదేం — ఇవే కదా మన తరగతి గదుల్లో పిల్లలు అడగబోయి మన బెత్తం చూసి మింగేసిన ప్రశ్నలు!

అన్ని సమాధానాలూ నాకు నచ్చలేదు. స్త్రీలకు యాజకత్వం ఎందుకు లేదో చెప్పిన చోట నా పెన్సిలు పెద్ద ప్రశ్నార్థకం గీసింది. దాంపత్యం గురించి చెప్పిన చోట మరో రెండు గీసింది. ఆనందించడం వేరు, అంగీకరించడం వేరు. ఈ తేడా తెలియని వాడు కావ్యం చదవడమే ప్రమాదం. రావణుడి తేజస్సు వర్ణించిన ఘట్టం మెచ్చుకున్న వాణ్ణల్లా లంకకు పంపవలసి వస్తుంది.

ఇప్పుడు మా క్రైస్తవ పెద్దవారికి.

అయ్యగారూ, ఆ ఆల్బంలో గిటారుకు దీటుగా గర్జించే వాద్యం ఒకటుంది. అది హేమండ్ ఆర్గన్. దాన్ని వాయించినవారు జాన్ లార్డ్; శాస్త్రీయ సంగీత శిక్షణ పొందినవారు, 2012లో గతించారు. ఆ వాద్యాన్ని అమెరికాలో లారెన్స్ హేమండ్ అనే గడియారాల తయారీదారు 1935లో విపణిలోకి తెచ్చాడు. ఎవరికోసమనుకున్నారు? గొట్టాల ఆర్గన్ కొనే స్తోమత లేని చర్చిల కోసం. తమరు సైతానుది అంటున్న ఆ గొంతు పుట్టింది పేద చర్చిలో పాడడానికి. అది తరువాత కచేరీ వేదికలెక్కింది. వాద్యానికి మారుమనస్సు అక్కరలేదు. వాయించేవాడి వేళ్లే దానికి శాస్త్రం.

మన హార్మోనియం మాత్రం? 19వ శతాబ్దపు పారిస్‌లో పుట్టింది. ఫిరంగి వాద్యమని 1940లో ఆకాశవాణి దానికి తలుపు మూసింది. ముప్పై ఏళ్లకు గానీ కాస్త సందు ఇవ్వలేదు. ఆ ముప్పై ఏళ్లూ మన పల్లెల్లో హార్మోనియం లేని పౌరాణిక నాటకం ఉందా? తమ చర్చిలో హార్మోనియం లేని ఆదివారం ఉందా? ఫిడేలు సంగతి సరేసరి. బాలుస్వామి దీక్షితులు దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చి రెండు వందల ఏళ్లు దాటింది. ఆయన అన్నగారు ముత్తుస్వామి దీక్షితులు తెల్లవారి బ్యాండు మేళాల వరుసలకు సంస్కృత సాహిత్యం కూర్చారు. ఏ నరకంలోనూ ఆయన కనిపించినట్లు వార్త లేదు.

తమరే నన్ను చాలా ఏళ్ల కిందట డోర్నకల్ తీసుకెళ్లి ఎపిఫనీ కెథీడ్రల్ చూపించారు. భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్పు అజరయ్యగారు 1912లో ఆ పీఠమెక్కి, 1939లో ఆ ఆలయాన్ని ప్రతిష్ఠించారని, దాని కట్టడంలో గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిపారని తమరే చెప్పారు. రాతికి ఆ వెసులుబాటు ఇచ్చిన వారు శబ్దానికి ఎందుకు ఇవ్వరు?

ఒప్పుకోవలసినవి ఇక్కడా ఉన్నాయి. మొదటి పాట తన కారు గురించి ఒకడు కోసే కోతలు. చివరిది ఇరవై నిమిషాల అంతరిక్ష విహారం. సాహిత్యం దృష్ట్యా గుండుసున్న. కానీ ‘చైల్డ్ ఇన్ టైమ్’ అనే పాట వినండి. యుద్ధభయం నీడలో పుట్టిన పాట. ఆర్గన్ మెల్లగా, జోలపాటలా మొదలవుతుంది. ఇయాన్ గిలాన్ గొంతు ఊపిరి బిగబట్టినట్లు పాడి, పాడి, మాటలు వదిలేసి మెట్టు మెట్టుగా పైకెక్కి, చివరకు కేకగా మారుతుంది. అభిమన్యుడు పడిన రాత్రి సుభద్ర కేక ఎలా ఉంటుందో ఇన్నాళ్లూ పిల్లలకు మాటల్లోనే చెప్పాను. చెవులతో విన్నది మొన్ననే. తమాషా ఏమిటంటే ఆ ఆర్గన్ వరుస వాళ్ల సొంతం కాదు. శాన్ ఫ్రాన్సిస్కో వాళ్లు 1969లో వాయించిన ఒక పాట నుంచి తీసుకున్నది. ఆ పాట పేరు ‘బాంబే కాలింగ్’. బొంబాయి పేరు పెట్టుకున్న వరుస అమెరికాలో పుట్టి, ఇంగ్లండు చేరి, జపాన్‌లో మోగి, కారేపల్లిలో నా కళ్లు తడిపింది. ఇందులో సైతాను పాత్ర నాకు కనబడలేదు. మనిషి పాత్రే కనబడింది.

ఇక మా చిన్నవాడి స్నేహితుడికి.

నాయనా, నువ్వు ఆ పుస్తకం తెరవకుండానే తీర్పు చెప్పావు. నీ పాటలు వినకుండానే పెద్దలు గోల అంటే నీకు కోపం వస్తుందా, రాదా? ఆ పుస్తకానికి ముందుమాట రాసింది అప్పటి పోపు బెనెడిక్టు 16. పిల్లలకు ఆయన చెప్పిన మాటల సారాంశం ఇది: కంప్యూటరు నిపుణుడికి కంప్యూటరు లోపలి పని ఎంత నిక్కచ్చిగా తెలుసో, మంచి సంగీతకారుడికి తాను వాయించే కృతి ఎలా తెలుసో, మీ విశ్వాసం మీకు అలా తెలియాలి. బృందాలుగా చదువుకోండి, అంతర్జాలంలో పంచుకోండి అనీ అన్నారు. తమ సభలోకే పాపం చొరబడిందని, అది సంఘాన్ని లోతుగా గాయపరిచిందని దాచకుండా ఒప్పుకున్నారు. బుర్ర కడిగేవాడు ఇలా మాట్లాడడు. బుర్ర కడిగేవాడు ప్రశ్నలకు అచ్చు వేయించడు. ఆ సమాధానాలతో నువ్వు పోట్లాడు. కానీ పుస్తకం విప్పి పోట్లాడు.

ఇంకో మాట. నువ్వు మెచ్చే ఆ సంగీతకారులు కచేరీలో ఏం చేశారు? ‘స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ వుమన్’లో రిచీ బ్లాక్‌మోర్ గిటారు మీద ఒక ముక్క వాయిస్తే, గిలాన్ గొంతుతో అదే తిరిగి పాడతాడు. అతడు ఇంకొంచెం మెలిపెడతాడు, ఇతడు అందుకుంటాడు. ప్రశ్న, సమాధానం, ప్రశ్న, సమాధానం. ‘యూక్యాట్’ పేజీల్లోనూ అదే నడక. మన కచేరీల్లోనూ గాత్రానికి ఫిడేలు బదులు చెబుతుంది. నేను ఒక వారంలో రెండు వేర్వేరు వస్తువులను ఇష్టపడలేదు, బాబూ. ఒకే వస్తువును రెండు రూపాల్లో ఇష్టపడ్డాను.

ఇంతవరకూ ఇతరుల మీద వాదించాను. ఇప్పుడు నా మీద.

ఆ ఆల్బంలో ‘ది మ్యూల్’ అనే వాద్యగీతం ఉంది. అందులో ఇయాన్ పేస్ ఒక్కడే నిమిషాల తరబడి డ్రమ్ములు వాయిస్తాడు. మొదటిసారి విన్నప్పుడు నాకు జ్ఞాపకం వచ్చింది టోక్యో కాదు. 1989లో నేను పాఠం చెబుతున్న ఒక తొమ్మిదో తరగతి గది.

ఆ రోజు ద్విపద లక్షణం చెబుతున్నాను. మూడవ వరుసలో ఒక కోయ పిల్లవాడు. తెలుగు వాచకం లోపల ఇంకేదో చిన్న పుస్తకం పెట్టుకుని చదువుతున్నాడు; వేళ్లతో బల్ల మీద దరువు వేస్తున్నాడు. వెళ్లి లాక్కున్నాను. అది ఎవరో పాదిరిగారు ఇచ్చిన పిల్లల పుస్తకం. డొమినిక్ సావియో అనే ఇటలీ కుర్రవాడి కథ. 1857లో పద్నాలుగేళ్ల వయసులో చనిపోయి, 1954లో పునీతుడైన వాడు. నేను ఆ పేరు వంకరగా పలికి తరగతిని నవ్వించాను. “దరువు వేయడానికి ఇది బడా, జాతరా?” అన్నాను. తరగతి మళ్లీ నవ్వింది. పుస్తకం సాయంత్రం ఇస్తానన్నాను, ఇవ్వడం మరచిపోయాను. ఆ పిల్లవాడు మళ్లీ నా తరగతిలో నోరు విప్పలేదు. పదో తరగతి పరీక్షకు ముందే బడి మానేశాడు. నా వల్లే అని అనను. నా వల్ల కాదని కూడా అనలేను.

పేస్ దరువు వింటుంటే, ఎన్నో ఏళ్లుగా నాకు తెలిసీ ఒప్పుకోని విషయం ఒకటి పైకి వచ్చింది. నేను నల్లబల్ల మీద “మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం” అని రాస్తుండగా, ఆ పిల్లవాడి వేళ్లు బల్ల మీద నడిచింది ఆ నడకే. మూడు పెద్ద అడుగులు, ఒక చిన్న అడుగు. గదిలో ద్విపద అర్థమైనది వాడొక్కడికే. నేను వాణ్ణే శిక్షించాను. ద్విపదను చిన్నచూపు చూసిన పండితులను కాదని పాల్కురికి సోమన బసవపురాణం ఆ ఛందస్సులో రాశాడని చెప్పి నేను గర్వపడేవాణ్ణి; ఆ ద్విపద నా ఎదుట కూర్చుంటే గుర్తుపట్టలేకపోయాను.

గోల అన్నది మనం అర్థం చేసుకోని లయకు పెట్టుకున్న పేరు. మణుగూరు ప్రాంతపు కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. సమ్మక్క సారలమ్మల కథను డోలు మీద మోసిన మనిషి ఆయన, 2024లో కన్నుమూశారు. ఆ బిరుదు వచ్చాక ఆ డోలు కళ అని అందరం అన్నాం. అంతకు ముందు మనలో ఎందరం కిటికీలు మూసుకున్నామో ఎవరికి వారే లెక్క వేసుకోవాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల దగ్గర కూర్చుని వారి భాష నేర్చుకుని వ్యాకరణమూ నిఘంటువూ కూర్చారు. ఆయన బొమ్మకు ఏటా దండ వేస్తాం. ఆయన చేసిన పని మాత్రం చేయం. పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా!

నా వాదన ఇంతే. మా మిత్రుడు, మా పెద్దవారు, ఆ కుర్రవాడు — ముగ్గురూ మంచివాళ్లే. కానీ ముగ్గురూ రసానికి మడి కడుతున్నారు. ఇది ముట్టుకుంటే అది మైలపడుతుందంటున్నారు. పండితుడు ఇంత వినవచ్చు, భక్తుడు ఇంత వినవచ్చు, కుర్రవాడు ఇంత చదవవచ్చు అని ముందే గిరి గీస్తున్నారు. ఆ గిరి పెద్దవాళ్లకు పెద్దగా నష్టం చేయదు. అరవై దాటిన నన్ను ఎవరేమన్నా నా హెడ్‌ఫోన్లు నాకున్నాయి. నష్టమంతా మూడవ వరుసలో కూర్చున్న పిల్లవాడికి. వాడి చేతిలో ఒక పుస్తకం, వేళ్లలో ఒక దరువు ఉంటాయి. రెండూ మనవి కావని మనం లాక్కుంటాం. వాడు మళ్లీ అడగడు.

కాబట్టి ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న బ్లాగ్మిత్రులకు ఒక విన్నపం. రేపు తరగతిలో ఎవరైనా బల్ల మీద దరువు వేస్తే, కసురుకునే ముందు ఒక్క క్షణం గణాలు లెక్కపెట్టి చూడండి. వాచకంలో దాచిన పుస్తకం కనబడితే, పేరు సరిగ్గా పలకండి. చదివాక ఒకసారి ఇమ్మని అడగండి. సాయంత్రం తిరిగి ఇవ్వడం మరచిపోకండి.

డొమినిక్ సావియో కథ అప్పుడు నా బల్ల సొరుగులోనే ఉండిపోయింది. బదిలీ మీద వెళుతూ చూస్తే లేదు. ఆ పిల్లవాడి ఊరు ఇక్కడికి దూరమేమీ కాదు. ఇప్పుడతనికి యాభై ఏళ్లు దాటి ఉంటాయి. వచ్చే ఆదివారం ఈ పసుపు అట్ట పుస్తకమూ, హెడ్‌ఫోన్లూ సంచిలో వేసుకుని బస్సెక్కుదామనుకుంటున్నాను. పుస్తకం అతని పిల్లలు చదువుతారేమో. పాట మాత్రం ఇద్దరం కలిసి వినాలని కోరిక. లయ తప్పితే అతనే చెప్పాలి.

వాదించదలచిన వారు వ్యాఖ్య పెట్టండి. కాకపోతే ముందు ఆ పుస్తకం ఒక పది పేజీలు చదివి, ఆ ఆల్బం ఒక్కసారి విని మరీ రండి.

ఉంటాను.